ఒంటి ఆసును నమ్ముకొని సర్వస్వం ఒడ్డితే...
ఆన్‌లైన్ పోకర్‌లో కొంప ముంచేది చెడ్డ ముక్క కాదు, మంచిదిలా కనిపించే ముక్క

కోహ్కా (భిలాయి): పేకముక్కల్లో ఆసును మించింది లేదు. అయితే ఆన్‌లైన్ పోకర్‌లో ఎందరో కొత్త ఆటగాళ్ల సొమ్మును ఒక్క దెబ్బతో ఊడ్చివేస్తున్నదీ ఆ ఆసే. పక్కన రాజో రాణో ఉన్న ఆసు సంగతి వేరు. నాలుగో, ఆరో, ఏడో తోడున్న ఒంటి ఆసును చూసి మురిసిపోయి, ఉన్న సొమ్మంతా ఒకేసారి ఒడ్డే అలవాటు ఎంత ప్రమాదకరమో గణితం స్పష్టంగా చెబుతోంది. ఈ లెక్క తెలియకుండా సెల్‌ఫోన్ తెరపై వేలు నొక్కినవారి సంఖ్యకు అంతు లేదు. ఆన్‌లైన్ జూదానికి సంబంధించి దేశంలో బయటపడిన పెద్ద కేసుల్లో ఒకదాని మూలాలు ఈ ఉక్కు నగరంలోనే ఉండడం గమనార్హం.

కోహ్కా దుర్గ్ జిల్లాలో భిలాయి నగరాన్ని అంటిపెట్టుకొని పెరిగిన పేట. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం అవతరించింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి పని కోసం వచ్చినవారిలో తెలుగువారూ గణనీయంగా ఉన్నారు. ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలు మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. నెల జీతం, షిఫ్టు డ్యూటీ, రిటైరైతే ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ... ఈ పట్టణాన్ని నిలబెట్టింది ఈ నిశ్చింతే. ఆన్‌లైన్ జూదం దెబ్బ కొట్టింది సరిగ్గా ఆ నిశ్చింత మీదనే.

ఆట తీరు ఇదీ

ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ ప్రచారంలో ఉన్న పోకర్ పద్ధతిని 'టెక్సాస్ హోల్డెమ్' అంటారు. ఇందులో ఒక్కో ఆటగాడికి రెండేసి ముక్కలు రహస్యంగా పంచుతారు. తర్వాత బల్లపై అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు, ఆపై ఒకటి, చివరగా మరొకటి. ఈ ఏడింటిలో ఉత్తమమైన ఐదింటితో ఎవరిది పెద్ద కూర్పు అయితే వారిదే గెలుపు. ఒక్కో దశలో పందెం పెంచవచ్చు, ముక్కలు పడవేసి తప్పుకోనూ వచ్చు. బల్లపై ఇద్దరు ఆటగాళ్లు వంతుల ప్రకారం ముక్కలు చూడకముందే నిర్బంధ పందెం కట్టాలి. దీన్ని 'బ్లైండ్' అని పిలుస్తారు. తన ముందున్న చిప్స్ అన్నీ ఒకేసారి మధ్యలోకి నెట్టివేయడమే 'ఆల్ ఇన్'. ఆ క్షణం తర్వాత ఆటగాడి చేతిలో చేయడానికి ఏమీ ఉండదు. మిగిలిన ముక్కలు తెరుచుకొనే వరకు చూస్తూ కూర్చోవడమే.

రమ్మీకి అలవాటుపడిన తెలుగు ఆటగాడికి ఇక్కడే పొరపాటు జరుగుతుంది. రమ్మీలో ముక్కలు బాగా లేకపోతే మొదట్లోనే 'డ్రాప్' చేసి కొద్ది నష్టంతో బయటపడడం అతడికి తెలిసిన విద్యే. మూడు ముక్కలాటలో మాత్రం ఆసు కనిపిస్తే ధైర్యం వస్తుంది. పోకర్‌లో చేతికి వచ్చేవి రెండే ముక్కలు కనుక వాటిలో ఒకటి ఆసు అయితే సగం గెలిచినట్లేనన్న భ్రమ కలుగుతుంది.

ఆసు అంత అరుదైనదేమీ కాదు

52 ముక్కల పేకలో రెండు ముక్కల కూర్పులు మొత్తం 1,326 ఉన్నాయి. వాటిలో కనీసం ఒక ఆసు ఉన్నవి 198. అంటే ప్రతి వంద పంపకాల్లో దాదాపు 15 సార్లు ఆటగాడికి ఆసు వస్తుంది. ఏడు పంపకాలకు ఒకసారి వచ్చే ముక్కను అదృష్టదేవత కటాక్షంగా భావించనక్కరలేదు. రెండూ ఆసులే రావడం మాత్రం నిజంగా అరుదు. 221 పంపకాలకు ఒకసారి మాత్రమే ఆ యోగం పడుతుంది.

ఆ 198 కూర్పుల్లో 128 కూర్పులు రెండు మొదలు తొమ్మిది వరకు ఏదో ఒక చిన్న ముక్క తోడున్నవే. ఆసు వచ్చినప్పుడల్లా మూడింట రెండు వంతుల సందర్భాల్లో అది బలహీనమైన ఆసే అన్నమాట. నిపుణులు ఈ రకం చేతులనే అత్యంత జాగ్రత్తగా ఆడాలని హెచ్చరిస్తుంటారు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒక ఆటగాడి వద్ద ఆసు, నాలుగు ఉన్నాయనుకుందాం. మిగిలిన 50 ముక్కల్లో ఇంకా మూడు ఆసులు ఉన్నాయి. ఎదుట ఒక్కరే ఉంటే అతడి వద్ద ఆసు ఉండే అవకాశం సుమారు 12 శాతం. ఆరుగురు కూర్చొనే బల్లపై మిగతా ఐదుగురిలో ఎవరో ఒకరి వద్ద ఆసు ఉండే అవకాశం దాదాపు 50 శాతానికి చేరుతుంది. తొమ్మిది మంది కూర్చొనే బల్లపై అది ఏకంగా 69 శాతం దాటుతుంది. తన చేతిలో ఆసును చూసి పొంగిపోతున్న ఆటగాడు బల్ల చుట్టూ మరొకరు కూడా అదే ఆనందంలో ఉన్నారన్న సంగతి మరచిపోతాడు.

ఇద్దరి వద్దా ఆసులు ఉన్నప్పుడు తీర్పు చెప్పేది తోడు ముక్క. నాలుగు కంటే పెద్ద తోడు ఎదుటివానికి ఉండే అవకాశం నాలుగింట మూడు వంతులకు పైమాటే. పైగా ఎదుటివాడు తన సొమ్మంతా పణంగా పెట్టి సై అన్నాడంటే అతడి తోడు ముక్క చిన్నదై ఉండే అవకాశం మరీ తక్కువ. ఆసు, రాజు ఉన్నవానితో ఆసు, నాలుగు తలపడితే గెలుపు దక్కేది సుమారుగా నాలుగుసార్లకు ఒకసారి. బల్లపై ఆసు పడినా లాభం ఎదుటివానికే. ఏ ముక్క కోసం ఎదురుచూశాడో ఆ ముక్కే వచ్చి ముంచుతుంది.

తొమ్మిదుల జత వంటి మధ్యరకం జత ఎదురైనా బలహీనమైన ఆసు గెలిచేది వందకు 30 సార్లే. ఆసు జత కట్టడం కూడా అనుకున్నంత సులభం కాదు. చేతిలో ఒక ఆసు ఉంటే మొదట తెరిచే మూడు ముక్కల్లో మరో ఆసు వచ్చే అవకాశం 17 శాతం. ఐదు ముక్కలూ తెరిచేసరికి అది 28 శాతాన్ని కూడా చేరదు. రెండు ముక్కలూ ఒకే రంగువైతే బలం పెరుగుతుందన్న నమ్మకం ఒకటుంది. నిజానికి ఆ పెరుగుదల మూడు శాతం దరిదాపుల్లోనే ఉంటుంది.

ఎప్పుడు ఒప్పు? ఎప్పుడు తప్పు?

అలాగని బలహీనమైన ఆసుతో అంతా ఒడ్డడం అన్ని వేళలా తప్పేనని చెప్పడానికి వీల్లేదు. టోర్నమెంట్లలో నిర్బంధ పందెం క్రమేణా పెరుగుతూ పోతుంది. చేతిలోని చిప్స్ పెద్ద బ్లైండ్‌కు పది రెట్లకు పడిపోయినప్పుడు మంచి ముక్కల కోసం నిరీక్షిస్తూ కూర్చొంటే ఆ కట్టుబడులే మింగివేస్తాయి. అటువంటప్పుడు ఎదుట ఒక్కరే మిగిలి ఉంటే ఎంత చిన్న తోడున్న ఆసుతోనైనా ముందుగా ఆల్ ఇన్ అనడమే సరైనదని ఆట సిద్ధాంతం అంగీకరిస్తోంది. తేడా అంతా కూర్చొన్న స్థానంలో ఉంది. తన తర్వాత ఇంకా ఎందరు నిర్ణయం తీసుకోవలసి ఉందన్నదే కీలకం.

ఒక ఉదాహరణ చూద్దాం. బ్లైండ్లు 50, 100. ఆటగాడి వద్ద 1,000 చిప్స్ ఉన్నాయి. చేతిలో వేర్వేరు రంగుల ఆసు, నాలుగు. ఎదుటివారు తమకు వచ్చే చేతుల్లో ఉత్తమమైన పది శాతంతోనే సై అంటారని, అలా అన్నప్పుడు మనకు 30 శాతం గెలుపు ఉంటుందని అనుకుందాం. అందరూ తప్పుకొంటే బల్లపై ఉన్న 150 చిప్స్ లాభం. ఎవరైనా సై అంటే, గెలుపోటములు రెండూ కలిపి చూసినప్పుడు సగటున 360 చిప్స్ నష్టం.

తన తర్వాత ఎనిమిది మంది ఉండగా ఇతడు అంతా ఒడ్డితే, వారిలో ఒకరైనా సై అనే అవకాశం 57 శాతం. వందసార్లు ఇదే పని చేస్తే 43 సార్లు 150 చొప్పున 6,450 వస్తాయి. 57 సార్లు 360 చొప్పున 20,520 పోతాయి. నికరంగా ఒక్కోసారికి 140 చిప్స్ నష్టం. అవే ముక్కలు, అవే చిప్స్. కానీ మిగిలిన వారంతా తప్పుకొని బ్లైండ్లు కట్టిన ఇద్దరు మాత్రమే ఉన్నారనుకుంటే సై వచ్చే అవకాశం 19 శాతానికి పడిపోతుంది. అప్పుడు ఓటమి సగటు 385 అయినప్పటికీ వందసార్లకు 4,800 పైచిలుకు లాభం, అంటే ఒక్కోసారికి 48 చిప్స్ మిగులుతాయి. మొదటి సందర్భంలో అది ఆత్మహత్యాసదృశం. రెండో సందర్భంలో అది వివేకం. లాభం తెచ్చిపెట్టింది ఆసు కాదు, ఎదుటివారు తప్పుకోవడమే. కొత్తవారు గ్రహించలేకపోతున్నది ఈ సూక్ష్మాన్నే.

తెర మీద వేగం

క్లబ్బుల్లో ముక్కలు పంచి ఆడే ఆటలో గంటకు 25 నుంచి 30 పంపకాలు జరిగితే, ఆన్‌లైన్‌లో ఒక్క బల్లపైనే 60కి పైగా జరుగుతాయి. ఒకేసారి నాలుగు బల్లలు తెరిచి ఆడేవారు ఉన్నారు. ఆ లెక్కన గంటకు 35 సార్లకు పైగా ఆసు దర్శనమిస్తుంది. ప్రతిసారీ ప్రలోభమే. క్లబ్బులో జేబు ఖాళీ అయితే ఇంటికి వెళ్లి తేవాలి. ఆ దారిలో ఆలోచనకు వ్యవధి ఉంటుంది. సెల్‌ఫోన్‌లో బ్యాంకు ఖాతా మరో వేలి దూరంలోనే ఉంటుంది. పోయినదాన్ని రాబట్టుకోవాలన్న ఆవేశంలో తర్వాతి బలహీనమైన ఆసు మరింత బలంగా కనిపిస్తుంది.

ఆట నిర్వాహకులు ప్రతి పందెం నుంచి తమ వాటా మినహాయించుకొంటారు. దీనికి తోడు 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపులపై 30 శాతం ఆదాయపు పన్ను, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి పూర్తి డిపాజిట్ విలువపై 28 శాతం జీఎస్టీ అమలులోకి వచ్చాయి. పన్ను ఆటగాడే భరిస్తే వంద రూపాయల డిపాజిట్‌లో దాదాపు 22 రూపాయలు ముక్క పంచకముందే పోయినట్లే. నైపుణ్యం ఉన్న ఆటగాడికి సైతం లాభం మిగలడం గగనమైన పరిస్థితి అది.

ప్రపంచవ్యాప్తంగా ఈ వెర్రికి ఊపునిచ్చింది 2003 నాటి ఒక సంఘటన. అమెరికాలోని టెన్నెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా లాస్ వెగాస్ ప్రపంచ పోకర్ పోటీలో ప్రవేశించి 25 లక్షల డాలర్లు గెలుచుకొన్నాడు. ఆ ఏడాది ప్రధాన పోటీలో 839 మంది పాల్గొనగా మరుసటి ఏడాది ఆ సంఖ్య 2,576కు పెరిగింది. అతడి గెలుపు కథ ఊరూరా పాకింది. ఓడిన 838 మంది కథ ఎవరికీ పట్టలేదు. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు రూపొందించిన 'ప్లూరిబస్' అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఆరుగురు ఆడే పోకర్‌లో ఆరితేరిన వృత్తి ఆటగాళ్లనే ఓడించింది. తెర అవతల కూర్చొన్నది మనిషో యంత్రమో తెలియని ఆటలో ఒంటి ఆసును నమ్ముకోవడం మరింత సాహసం.

భిలాయి నుంచి దుబాయి దాకా

పైన చెప్పిన లెక్కలన్నీ ముక్కలు నిజాయితీగా పంచినప్పుడు వర్తించేవి. 'మహదేవ్ ఆన్‌లైన్ బుక్' వ్యవహారంలో ఆ భరోసా కూడా లేదని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపిస్తోంది. భిలాయికి చెందిన సౌరభ్ చంద్రాకర్, రవి ఉప్పల్ ప్రధాన సూత్రధారులుగా దుబాయి కేంద్రంగా ఈ బెట్టింగ్ వ్యాపారం సాగించారన్నది దర్యాప్తు సంస్థ అభియోగం. చంద్రాకర్ పూర్వాశ్రమంలో భిలాయిలో పండ్ల రసాల దుకాణం నడిపినట్లు వార్తలు వచ్చాయి. క్రికెట్, టెన్నిస్, ఫుట్‌బాల్ వంటి క్రీడలతోపాటు పోకర్, ఇతర పేకాటలపై కూడా ఇందులో పందేలు సాగినట్లు ఈడీ పేర్కొన్నది. లాభాల్లో 70, 30 నిష్పత్తిలో వాటా ఇచ్చే పద్ధతిపై 'ప్యానెళ్లు' నెలకొల్పి, ఇతరుల పేర్లతో తెరిచిన బ్యాంకు ఖాతాల ద్వారా సొమ్ము తరలించారని అభియోగం. మొదట్లో ఆటగాడు గెలిచినట్లు కనిపించినా అంతిమంగా ప్యానెల్ నడిపేవారికి నష్టం రాకుండా ఆటలను తారుమారు చేశారని కూడా ఈడీ ఆరోపించింది.

2023 సెప్టెంబర్‌లో కోల్‌కతా, భోపాల్, ముంబయి తదితర నగరాల్లో 39 చోట్ల సోదాలు జరిపి 417 కోట్ల రూపాయల విలువైన ఆస్తులను స్వాధీనం చేసుకోవడమో స్తంభింపజేయడమో చేసినట్లు ఆ సంస్థ ప్రకటించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో యూఏఈలోని రస్ అల్ ఖైమాలో జరిగిన చంద్రాకర్ వివాహానికి సుమారు 200 కోట్ల రూపాయలు నగదుగా ఖర్చు చేశారని పేర్కొన్నది. 2023 నవంబర్ 5న కేంద్ర ప్రభుత్వం మహదేవ్ బుక్ సహా 22 యాప్‌లు, వెబ్‌సైట్లను నిరోధిస్తూ ఉత్తర్వులు జారీ చేసింది. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఈ కేసులను సీబీఐకి అప్పగించింది. 2025 మార్చి 26న సీబీఐ పలు నగరాల్లో 60 చోట్ల సోదాలు నిర్వహించింది. అభియోగాలు న్యాయస్థానంలో రుజువు కావలసి ఉన్నాయి.

సికిందరాబాద్ క్లబ్బు నుంచి మొదలైన వివాదం

పేకాట నైపుణ్యమా, అదృష్టమా అన్న న్యాయ వివాదానికి తెలుగు నేలతో గాఢమైన సంబంధం ఉంది. సికిందరాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడడంపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం - కె.సత్యనారాయణ' కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదంలో 1967 నవంబర్‌లో తీర్పు వెలువరించినది జస్టిస్ ఎం.హిదాయతుల్లా. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడవేయాలో నేర్పుతో నిర్ణయించాలి కనుక అది ప్రధానంగా నైపుణ్య క్రీడ అని, మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టంపై ఆధారపడినదని ఆయన తేల్చారు. భిలాయికి సమీపంలోని రాయపూర్‌లో పాఠశాల విద్య అభ్యసించిన హిదాయతుల్లా పేరిటే అక్కడ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వెలసింది.

అయితే పోకర్ విషయంలో హైకోర్టులు ఒకే మాట మీద లేవు. అది జూదమేనని 2017లో గుజరాత్ హైకోర్టు అభిప్రాయపడగా, రమ్మీ, పోకర్ రెండూ నైపుణ్య క్రీడలేనని 2023 నవంబర్‌లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ మీమాంసతో నిమిత్తం లేకుండా తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ ఆర్డినెన్సుల ద్వారా తమ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. అప్పులపాలైన యువకుల ఆత్మహత్యల వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ తరచు వెలువడడం దీనికి నేపథ్యం.

2025 ఆగస్టులో పార్లమెంటు దేశవ్యాప్త చట్టం చేసింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించిన బిల్లుపై 22న రాష్ట్రపతి సంతకం చేశారు. నైపుణ్యమా అదృష్టమా అన్న విచక్షణతో ప్రమేయం లేకుండా సొమ్ము పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ ఈ చట్టం నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఆటగాళ్లకు శిక్ష లేదు. వారిని బాధితులుగానే పరిగణించారు. ఏటా 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకొంటున్నారన్నది ప్రభుత్వ వర్గాల అంచనా. చట్టం రాగానే దేశీయ సంస్థలు డబ్బు ఆటలను నిలిపివేశాయి. కొన్ని సంస్థలు హైకోర్టులను ఆశ్రయించగా సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్లను తనకు బదలాయించుకొంది.

లెక్క తెలిసినా ఆగలేని చేయి

నిషేధంతో సమస్య సమసిపోయిందని భావించలేం. విదేశాల నుంచి నడిచే సైట్లు పేరు మార్చుకొని మళ్లీ మళ్లీ తలెత్తుతుంటాయి. అక్కడ పంచేది ఎవరో, సొమ్ము చేరేది ఎక్కడికో తెలియదు. ఓడితే పోయినట్లే. గెలిచినా వస్తుందన్న హామీ లేదు. ఫిర్యాదు చేయడానికి చిరునామా ఉండదు.

ఉక్కు కర్మాగారంలో పనిచేసే కార్మికుడు కొలిమి దగ్గరకు రక్షణ దుస్తులు లేకుండా వెళ్లడు. ప్రమాదం ఎంత దూరంలో ఉందో, ఏ అడుగు దాటరాదో అతడికి శిక్షణలో నేర్పుతారు. అదే కార్మికుని కుమారుడు అర్ధరాత్రి సెల్‌ఫోన్ తెరపై ఆసు, నాలుగు చూసి కాలేజీ ఫీజు సొమ్మును మధ్యలోకి నెట్టివేస్తే హెచ్చరించే సైరన్ ఏదీ మోగదు.

ధర్మరాజు జూదానికి కూర్చొన్నది ఆట రాక కాదు, ఆపడం చేతకాక. సంపద పోయిన తర్వాత రాజ్యాన్ని, రాజ్యం పోయిన తర్వాత తమ్ములను ఒడ్డాడు. ప్రతి పందెమూ పోయినదాన్ని రాబట్టుకోవడానికే. నేటి ఆన్‌లైన్ ఆటలో ఆ దశలన్నిటినీ ఒకే మీట కిందికి తెచ్చారు. దాని పేరే ఆల్ ఇన్. ఏడు పంపకాలకు ఒకసారి వచ్చే ఆసు మళ్లీ వస్తుంది. ఇంటి నుంచి తెచ్చిన సొమ్ము మాత్రం మళ్లీ రాదు.